పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే... డిజిటల్ తాళంతో నా అనుభవం

మొన్న శనివారం పొద్దున ఆరింటికి, నైటీలో, రెండు చేతుల్లో రెండు పాల ప్యాకెట్లతో మా ఫ్లాట్ బయట గంటా పది నిమిషాలు పడిగాపులు పడ్డాను. ఫోన్ లోపల. కళ్లద్దాలు లోపల. స్టవ్ మీద కాఫీకి పెట్టిన నీళ్లు లోపల. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. చల్లారితే ఓనర్ మీద జాలి పడతానేమోనని భయం.

హైదరాబాద్ మణికొండలో ఈ ఫ్లాట్‌కి జూన్‌లో, స్కూళ్లు తెరిచే ముందు వచ్చాం. తాళంచెవి అక్కర్లేని ఇల్లని బ్రోకర్ గొప్పగా చూపించాడు. వేలు పెట్టినా తెరుచుకుంటుంది, నంబర్ కొట్టినా, కార్డు చూపించినా, ఫోన్‌లో యాప్ నొక్కినా. ఓనర్ డాలస్‌లో ఉంటారు. ఆయన వీడియో కాల్‌లో చెబుతూ ఉంటే మా వేలిముద్రలు ఎక్కించుకున్నాం. పది నిమిషాల పని.

మా అత్తయ్యవి మాత్రం ఎక్కలేదు. తెనాలి పక్క పల్లెలో నలభై ఏళ్లు పొలం, పాడి, అంట్లు చూసిన చేతులు. వేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషను మీద పది వేళ్లూ మార్చి మార్చి పెట్టడం ఆవిడకి అలవాటే. "అక్కడ బియ్యం ఇవ్వనంది, ఇక్కడ ఇంట్లోకే రానివ్వనంటోందా" అని నవ్వేశారు. నవ్వారు గానీ ఆ సాయంత్రం చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. ఆవిడకి ఆరంకెల నంబర్ పెట్టాం. నల్లటి పలక మీద అరచెయ్యి ఆనిస్తేనే అంకెలు వెలుగుతాయి, ఆ కిటుకు పట్టుబడడానికి వారం పట్టింది. ఒక్క తెలివి మాత్రం నాకు నచ్చింది: పక్కన ఎవరైనా చూస్తుంటే అసలు నంబర్‌కి ముందూ వెనకా ఏవో అంకెలు కలిపి కొట్టెయ్యొచ్చు. మధ్యలో అసలుది వరసగా ఉంటే చాలు, తెరుచుకుంటుంది.

ఇక శనివారం సంగతి. దసరా సెలవులకి అత్తయ్య, పిల్లాడు ఊరెళ్లారు. మా ఆయన ఆఫీసు పని మీద పుణెలో ఉన్నారు. పాల సంచి బయట షూ ర్యాక్‌కి తగిలించి ఉంటుంది. రెండడుగులు వేసి ప్యాకెట్లు తీశానో లేదో, బాల్కనీ గాలికి నా వెనకే తలుపు ఢామ్మని పడింది. తాళం గొంతు పట్టేసినట్టు జ్ర్ర్... అని తిరిగి ఆగింది. వేలు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. తడి వేలు కదా అని నైటీకి తుడుచుకుని మళ్లీ పెట్టాను. అరచెయ్యి ఆనించాను. అంకెలు రాలేదు, ఆ నల్లటి పలకలో నా ముఖమే కనిపించింది.

ఎదురింటి వాళ్లూ దసరాకి వెళ్లిపోయారు. కిందికి దిగాను. వాచ్‌మన్ భార్య నన్ను చూసి, ఒక్క మాట అడక్కుండా, దండెం మీది చున్నీ తెచ్చి భుజాల మీద కప్పింది. ఓనర్ నంబర్ అసోసియేషన్ సెక్రటరీగారి దగ్గర ఉంటుందన్నారు. నాకు నోటికొచ్చిన నంబర్ మా అమ్మది ఒక్కటే. మొగుడి నంబర్ కూడా రాదని ఆ పూటే తెలిసింది.

సెక్రటరీగారు వాకింగ్ బూట్లతో వచ్చారు. "మీరు ఏ ఫ్లాటమ్మా? నేనెప్పుడూ చూళ్లేదే" అన్నారు. నాలుగు నెలలుగా మెయింటెనెన్స్ కడుతున్నది నేనే. "ఐడీ ఏదైనా ఉందా? పోనీ రెంటల్ అగ్రిమెంట్?" లోపలుందండీ అన్నాను. "అదే నేననేది, ఏదో ఒకటి చూపించకుండా ఎవరు పడితే వాళ్లకి తలుపు తీయించలేం కదా" అన్నారు. రూలు ప్రకారం ఆయన మాట తప్పు కాదు, నాకు తెలుసు. కానీ పాల ప్యాకెట్లు పట్టుకుని, వాచ్‌మన్ భార్య చున్నీ కప్పుకుని, నేను దొంగను కానని నిరూపించుకోవడం ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. లిఫ్టులోంచి దిగిన వాళ్లంతా ఆగి మరీ చూశారు. చివరికి వాచ్‌మన్ "నాలుగో అంతస్తు మేడమే సార్, పిల్లాడు నీలం సైకిలు తొక్కుతాడు" అని సాక్ష్యం చెప్పాడు. నా ఆధార్ కంటే మా వాడి సైకిల్‌కే విలువ.

ఓనర్‌కి కలిపారు. అక్కడ శుక్రవారం రాత్రి, ఏదో విందులో ఉన్నట్టున్నారు, వెనక గోల. "కంగారు పడకండి, ఇక్కణ్ణుంచే తీసేస్తా" అని యాప్ నొక్కారు. మళ్లీ నొక్కారు. బ్యాటరీ చచ్చిన తాళానికి డాలస్ నుంచి నొక్కితే మాత్రం ఏం లాభం? చివరికి అసలు మాట బయటపడింది. "రెండు వారాల్నుంచి బ్యాటరీ అయిపోవస్తోందని నాకు మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి మేడమ్, మీరు చూసుకుంటారనుకున్నా." మెసేజ్ ఆయన ఫోన్‌కి, చూసుకోవాల్సింది నేను! అవును, తాళం పాట ఈమధ్య మారింది. "అమ్మా, తలుపు వేరే ట్యూన్ పాడుతోంది" అని మావాడు చెప్పాడు కూడా. నేనే పట్టించుకోలేదు.

తలుపు కోయిద్దామా అని సెక్రటరీగారు అడిగితే, "టేకు తలుపండీ, ఏదైనా అయితే అడ్వాన్స్‌లో పట్టుకోవాల్సి వస్తుంది" అని ఆ విందులోంచే చెప్పారు మహానుభావుడు.

గట్టెక్కించింది మా అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ కుర్రాడు. మోటారు చూడ్డానికి వచ్చి, గుంపు చూసి పైకొచ్చాడు. తాళం ముందు మోకాళ్ల మీద కూర్చుని అడుగు భాగం చూశాడు. అక్కడ ఆవగింజంత ఇత్తడి చుక్కలు రెండు. నేను దుమ్ము తుడిచేటప్పుడు మేకులనుకున్నవి. లోపలి బ్యాటరీ చచ్చినప్పుడు బయటనుంచి కరెంటు అందించడానికట. సంచీలోంచి పసుపుపచ్చ మల్టీమీటర్ తీసి, వెనక స్క్రూ విప్పి, అందులోని చదరపు 9 వోల్టుల బ్యాటరీ ఆ చుక్కలకి ఆనించాడు. ఏం లేదు. తిప్పి ఆనించాడు. టింగ్! "కొట్టండి మేడమ్, నేను పట్టుకునే ఉంటా." చెయ్యి వణికి మొదటిసారి తప్పు కొట్టాను. రెండోసారి తెరుచుకుంది. గిన్నె మాడి నల్లగా అయింది, ఇల్లంతా కమురు వాసన. అంతకు మించి ఏం కాలేదు.

లోపలి మూత తీస్తే గోడ గడియారాల్లో వేసే చవక బ్యాటరీలు నాలుగు. ఇలాంటి తాళాలకి ఆల్కలైన్‌వి వెయ్యాలి, నాలుగూ ఒకేసారి మార్చాలి. రీఛార్జబుల్ వద్దు: అవి 1.5 వోల్టులు కాదు, 1.2. తాళం లెక్క తప్పి, హెచ్చరిక సరిగా రాదు. కొన్ని మోడళ్లకి ఈ చుక్కల బదులు టైప్-సి రంధ్రం ఉంటుంది, పవర్ బ్యాంక్ పెట్టొచ్చు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే వంగి చూసుకోండి, ఎవరు నవ్వినా సరే.

ఆ సాయంత్రం యాప్‌లో అడ్మిన్ నాకివ్వమని ఓనర్‌తో గొడవ పెట్టుకున్నాను. ఇచ్చారు, మూతి ముడుచుకునే. తెరిచి చూద్దును కదా, పదకొండు వేలిముద్రలు! మావి మూడు. మిగతావి పాత టెనెంట్లవి, బ్రోకర్‌ది, ఎవరో పనమ్మాయివి. నాలుగు నెలలు వాళ్లందరికీ మా ఇంటి తలుపు తెరిచే ఉంది. పైగా ఏ వేలు ఎన్నింటికి పడిందో వరసగా ఉంది. ఆగస్టులో ఒకసారి ఓనర్ "మొన్న రాత్రి పన్నెండైనట్టుంది, అంతా ఓకేనా" అని అడిగితే ఎంత మంచి మనిషో అనుకున్నాను. న్యూయార్క్‌లో కొందరు అద్దెవాళ్లు ఇలాంటి యాప్ తాళం మీద కోర్టుకెళ్లి, 2019లో మామూలు తాళంచెవి సాధించుకున్నారు. వాళ్లలో ఒకాయనకి 93 ఏళ్లు. 2021లో ఆ నగరం చట్టమే చేసింది, ఇలాంటి తలుపుల రికార్డు 90 రోజుల్లో చెరిపెయ్యాలని. నేను అంత దూరం పోలేదు, ఎనిమిది వేళ్లు చెరిపేశాను.

ఈ తాళానికీ ఇనుప తాళంచెవి ఉంటుందట, చిన్న మూత కింద కంత. రెండు చెవులూ వనస్థలిపురంలో ఓనర్ చెల్లెలి ఇంట్లో ఉన్నాయి. మెట్రోలో వెళ్లి నేనే తెచ్చుకున్నాను. ఎల్బీ నగర్‌లో దిగి ఆటో. ఛార్జీలు అద్దెలో తగ్గించుకుంటానని మెసేజ్ పెట్టాను, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

ఒక 9 వోల్టుల బ్యాటరీ కొని టీవీ సొరుగులో దాచాను. మా ఆయన పుణె నుంచి వచ్చి, "లోపల పెట్టి ఏం చేస్తావ్?" అన్నారు. ఇప్పుడది వాచ్‌మన్ భార్య దగ్గర, ఆవిడ చున్నీతో పాటు.