బ్యాటరీ ఖనిజాలు: నన్ను బోల్తా కొట్టించిన 59 లక్షల టన్నులు

గ్రూప్-1 తుది జాబితాలో నా హాల్‌టికెట్ నంబరు చూసుకున్న నాటి నుంచి మిత్రులందరూ సైన్స్ అండ్ టెక్నాలజీ ఎలా చదివానని అడుగుతున్నారు. సిలబస్ మీకు తెలిసిందే కనుక, కిందటి ప్రయత్నంలో నన్ను దెబ్బతీసిన బ్యాటరీ ఖనిజాల గురించి మాత్రం రాస్తాను.

అప్పట్లో ఒక మాక్ టెస్టులో, జమ్మూ కశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం దొరికింది కనుక మనకిక దిగుమతుల బెడద తీరినట్టేనని ఘనంగా రాశాను. జవాబుపత్రం తిరిగొచ్చేసరికి ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో రెండే మాటలున్నాయి: "లోహమా? ముడిఖనిజమా?" పదికి మూడు మార్కులు. వారం రోజులు ఉడుక్కున్నాక 2023 ఫిబ్రవరి నాటి ప్రకటనను మళ్లీ చదివితే, అది జీ3 స్థాయి, అంటే అన్వేషణ తొలి దశల్లోని, అంచనా మాత్రమేనని, ఆ టన్నులు ముడిఖనిజానివని, తవ్వకం గిట్టుబాటవుతుందో లేదో తేలనే లేదని అర్థమైంది. ఆ బ్లాకు వేలం కూడా తగినంత మంది బిడ్డర్లు లేక 2024లో రద్దయింది.

అప్పటి నుంచి ప్రతి ఖనిజానికీ నోట్సులో "తవ్వేదెవరు", "శుద్ధి చేసేదెవరు" అని రెండు గడులు గీసుకున్నాను. కోబాల్ట్‌లో మూడింట రెండొంతులకు పైగా కాంగోలో తవ్వుతున్నా దాని శుద్ధి అత్యధికంగా చైనాలోనే జరుగుతుంది. లిథియం తవ్వకంలో ముందున్న ఆస్ట్రేలియా సైతం తన ఖనిజంలో సింహభాగాన్ని అక్కడికే పంపుతుంది. ఇండోనేషియా 2020 జనవరి నుంచి నికెల్ ముడిఖనిజం ఎగుమతిని నిషేధించి కర్మాగారాలను తన గడ్డకే రప్పించుకుంది గాని, వాటిలోనూ చైనా పెట్టుబడులే ఎక్కువ. అభ్యర్థులు తరచూ మరిచేది గ్రాఫైట్. కోబాల్ట్, నికెల్ లేని ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీకి మారినా దాని ఆనోడ్‌కు, అంటే రుణ ధ్రువానికి, గ్రాఫైట్ కావలసిందే. దాని ఎగుమతులకు చైనా 2023 డిసెంబరు నుంచి అనుమతి తప్పనిసరి చేసింది. అసలు చిక్కు గనిలో కంటే శుద్ధి కర్మాగారంలోనే ఉందని ఆ రెండో గడి చెప్పింది.

2023 నాటి 30 కీలక ఖనిజాల జాబితా, అర్జెంటీనాలో ప్రభుత్వ రంగ సంస్థ కాబిల్‌కు (ఖనిజ్ బిదేశ్ ఇండియా లిమిటెడ్) దక్కిన ఐదు లిథియం బ్లాకులు, 2025 నాటి జాతీయ కీలక ఖనిజాల మిషన్ ఏ మెటీరియల్‌లోనైనా దొరుకుతాయి.

ఇన్ని రోజులు ఒకే అంశంపై కూర్చున్నానని రూమ్‌మేట్లు ఎగతాళి చేశారు. పీడీఎఫ్‌లు పోగేయడం చదువు కాదని నేటికీ నా వాదన. తెల్లవారుజామున ఐదింటికి లేచి ఒక్క గడి నింపినా చాలు. తీరా మెయిన్స్‌లో ఈ ప్రశ్న నేరుగా రానే లేదు. ఇంధన భద్రత జవాబులో రెండు పేరాలుగా ఇమిడ్చి, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న అణు ఖనిజాల డైరెక్టరేట్ కర్ణాటకలోని మర్లగల్లలో గుర్తించిన 1,600 టన్నుల లిథియంను ప్రస్తావిస్తూ, అంకెకు ముందు "ప్రాథమిక అంచనా" అని రాసి, దాని కింద గీత గీశాను.