నాలుగు నుంచి ఐదుకి

పొద్దున షెడ్డుకి వెళ్ళేసరికే ఆ లారీ వచ్చి ఉంది. ఐదు నెలల కింద నా చేతులతో గేర్ బాక్స్ విప్పి బిగించిన బండి. డ్రైవరన్న దిగుతూనే, "మళ్ళీ అదే తమ్ముడూ. నాలుగు నుంచి ఐదుకి వేస్తుంటే గరగరమంటోంది. మిగతా గేర్లన్నీ వెన్నలా పడుతున్నాయి" అన్నాడు.

మనసు చివుక్కుమంది. పోయినసారి గేర్ బాక్స్ వెనక భాగమైన రేంజ్‌లో, వేగాలు కలిపే సింక్రో రింగు అరిగి ఉంటే కొత్తది వేసి, "అన్నా, నువ్వు గేర్ రాడ్ మరీ తొందరగా తోస్తున్నావు, కాస్త నిదానించు" అని చెప్పి పంపాను. ఆయనప్పుడు ఏమీ అనలేదు. ఈరోజు మాత్రం ఒక్కమాట అన్నాడు. "పాతికేళ్ళుగా ఇలాగే వేస్తున్నాను. ముందు ఎప్పుడూ రాలేదు."

ఆ మాట నేను పోయినసారే అడిగి తెలుసుకుని ఉండాల్సింది.

ఇది 16 గేర్ల బాక్స్. అలాగని లోపల 16 జతల చక్రాలు ఉండవు. ముందు ఒక్కో గేరుని రెండుగా చీల్చే స్ప్లిట్టర్, మధ్యలో నాలుగు గేర్ల మెయిన్ బాక్స్, వెనక హై-లో మార్చే రేంజ్. రెండు, నాలుగు, రెండు గుణిస్తే 16. ఈ లెక్క నాకు చాలా ఇష్టం. పెద్ద డీజిల్ ఇంజిన్ బలంగా లాగేది నిమిషానికి వెయ్యి నుంచి పద్దెనిమిది వందల చుట్ల మధ్యనే. అందుకని గేరుకీ గేరుకీ మధ్య మెట్లు దగ్గరదగ్గరగా ఉండాలి. ఈ రకం బాక్సులో మొదటి గేర్ నిష్పత్తి 16.41, అంటే వెనక షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ 16.41 చుట్లు తిరగాలి; చివరిది 1. మధ్యలో 15 మెట్లు, ఒక్కోటి దాదాపు 1.2. అంటే 1,800 దగ్గర గేర్ మారిస్తే ఇంజిన్ 1,500కి దిగి మళ్ళీ లాగుడు అందుకుంటుంది. స్ప్లిట్టర్ ఒక మెట్టు, మెయిన్ బాక్సులో ఒక్కో గేరు రెండు మెట్లు, రేంజ్ ఒక్కటే ఎనిమిది మెట్లు. ఎనిమిది మెట్లు ఒక్కసారిగా అంటే దాదాపు 4.4 రెట్లు. నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే ప్లానెటరీ గేర్లు అంత తేడాని చిన్న చోటులో ఇస్తాయి. చుట్టూ ఉన్న రింగ్ గేర్‌ని కదలకుండా పట్టేస్తే లో, వెనక షాఫ్టుతో కలిపేస్తే అంతా ఒకే ముద్దగా తిరిగి హై.

స్ప్లిట్టర్ సగాలు వదిలేస్తే రాడ్‌తో వేసే గేర్లు ఎనిమిది; నాలుగు నుంచి ఐదుకి వెళ్ళేటప్పుడే ఆ రేంజ్ మారుతుంది. డ్రైవర్ ముందే రాడ్ మీది స్విచ్ ఎత్తి పెట్టుకుంటాడు. రాడ్ న్యూట్రల్‌కి రాగానే గాలి వెళ్ళి వెనక పిస్టన్‌ని తోస్తుంది. ఆ తర్వాత రాడ్ మొదటి గేర్ ఉండే చోటికే వెళ్తుంది, కానీ ఇప్పుడది ఐదు.

షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడు అడిగాడు, "న్యూట్రల్‌లో ఒక క్షణం ఆగమంటారు కదన్నా, ఎందుకు?" సుద్దముక్కతో నేల మీద రాసి చూపించాను. చక్రాల వైపు వెళ్ళే వెనక షాఫ్టు నిమిషానికి 400 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. లో రేంజ్ ఉన్నప్పుడు, మెయిన్ బాక్స్ నుంచి రేంజ్‌కి వచ్చే మెయిన్ షాఫ్టు 1,760 తిరుగుతుంది. హై పడాలంటే అది 400కి దిగాలి. దింపే పని ఆ ఇత్తడి సింక్రో రింగుది, రాపిడితో. న్యూట్రల్‌లో ఉంటే మెయిన్ షాఫ్టు ఒంటరిగా ఉంటుంది కాబట్టి తేలిగ్గా దిగుతుంది. దిగకముందే రాడ్ గేర్‌లో పడిపోతే, పక్కనే తిరిగే కౌంటర్ షాఫ్టు, క్లచ్ ప్లేటు కూడా దానికి తగులుకుంటాయి. ఐదో గేర్ రెండో సగంలో ఆ నిష్పత్తి దాదాపు 3. జడత్వం నిష్పత్తి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి క్లచ్ ప్లేటు బరువు ఆ చిన్న రింగుకి తొమ్మిది రెట్లు అనిపిస్తుంది. కుర్రాడు ఆ తొమ్మిది దగ్గర చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. నేను మొదటిసారి తెలుసుకున్నప్పుడు కూడా అంతే.

1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ అసలు ఉద్దేశం కూడా ఇదే, వేగాలు కలిసేదాకా పళ్ళని కలవనివ్వకపోవడం. అంతకుముందు ఆ పని డ్రైవర్ చెవి, కాలు చేసేవి. క్లచ్ రెండుసార్లు తొక్కడం అందుకే వచ్చింది.

ఈసారి బాక్స్ దింపకముందే ఒక పరీక్ష చేశాను. డ్రైవరన్నని క్యాబిన్‌లో కూర్చోబెట్టి, ఇంజిన్ ఆన్ చేసి, గాలి ఒత్తిడి 8 బార్ చేరేదాకా ఆగాను. ఆయన న్యూట్రల్‌లో స్విచ్ వేస్తుంటే నేను కింద పడుకుని రేంజ్ హౌసింగ్ మీద అరచెయ్యి పెట్టాను. లో వైపు వేస్తే టక్కున దెబ్బ తగిలింది. హై వైపు వేస్తే వెంటనే రాలేదు. ఒకటి అని లెక్కపెట్టేంత సేపయ్యాక మెత్తగా, అరకొరగా కదిలింది. బాక్సు లోపలి గాలి బయటికి పోయే రంధ్రం, బ్రీదర్ దగ్గర వేలు పెడితే సన్నగా గాలి. రేంజ్ పిస్టన్ దాటి గాలి బాక్సులోకి పోతోందన్నమాట.

విప్పి చూస్తే పిస్టన్ చుట్టూ గాలి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగు గోరు దిగనంత గట్టిపడి ఉంది, ఒక పక్క పలచబడి. సిలిండర్ గోడ మీద తుప్పు మరకలు. వెళ్ళి గాలి ట్యాంకు డ్రెయిన్ తీశాను. నీళ్ళు కారాయి. గాలిలో తేమ తీసేసే ఎయిర్ డ్రయ్యర్ ఎప్పుడో పని మానేసినట్టుంది. తేమ గాలి సిలిండర్‌ని తినేసింది, సిలిండర్ ఓ-రింగుని, పిస్టన్ నెమ్మదించి సింక్రో రింగుని. పోయినసారి నేను చివరిదాన్ని మార్చి, తప్పు మనిషి చేతి మీద వేశాను. ఆయన చెయ్యి ఎప్పటిలాగే ఉంది. పిస్టనే ఆలస్యమైంది.

కొత్త తరం బండ్లు చాలావాటిలో కంప్యూటరే గేర్ మారుస్తుంది, రేంజ్ పడిందని సెన్సార్ చెప్పేదాకా ముందుకి పోదు. మంచి పద్ధతే. కానీ వాటిలో కూడా ఇలాంటి ఓ-రింగులే ఉంటాయి, వాటికీ పొడి గాలే కావాలి.

సాయంత్రానికి సిలిండర్ మార్చి, ఓ-రింగులు, సింక్రో రింగు కొత్తవి వేశాం. డ్రయ్యర్ కార్ట్రిడ్జ్ కూడా. బెంచ్ మీదే గాలి గొట్టం తగిలించి లో వైపు, హై వైపు ముప్పైసార్లు మార్చి చూశాను. రెండు వైపులా ఒకేలా టక్. కుర్రాడు అరచెయ్యి పెట్టి విన్నాడు. రేపు పొద్దున బాక్స్ ఎక్కించాలి, తర్వాత లోడుతో ఒకసారి నడిపి చూడాలి.

ఇంటికి బయల్దేరేముందు డ్రైవరన్నకి ఫోన్ చేశాను. "అన్నా, పోయినసారి నీ చెయ్యి అన్నాను. అది కాదు. గాలి లీకు. నేను చూడలేదు. నువ్వు ఎలా వేస్తావో అలాగే వెయ్యి" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రేపు ఎన్నింటికి రమ్మంటావు తమ్ముడూ?" అన్నాడు. తొమ్మిదికి రమ్మన్నాను.