మొదటి వారం మందు, మొదటి రోజు టీకా

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల బ్రాయిలర్ కోళ్లు పెంచేవారిలో కంపెనీ ఇచ్చిన కోడిపిల్లలను పెంచి కిలోకింత అని పెంపకం కూలి తీసుకునేవారు కొందరు, సొంత పెట్టుబడితో పెంచి అమ్ముకునేవారు కొందరు. ఎవరి పద్ధతి ఏదైనా, పిల్లలు షెడ్డులో దిగిన రోజు నుంచి మూడు నాలుగు రోజుల పాటు తాగే నీళ్లలో యాంటీబయాటిక్ కలపడం చాలామందికి అలవాటు. జబ్బు కనిపించి కాదు, జబ్బు రాకూడదని కలుపుతారు. మా పెదనాన్నగారి దగ్గర ఈ మాట ఎత్తినప్పుడల్లా ఆయన, "మందెయ్యకపోతే పిల్లలు నిలబడవురా బాబూ" అంటారు. ఆ భయం ఉత్తిది కాదు. అయితే ఆ మందు చేస్తున్న పనిలో కొంత ఈ. కోలై అనే బాక్టీరియాకు వేసే టీకా చేయగలదని, ఆ రెండూ ఒకే వారంలో కలిసి ఉండలేవని మన రైతులకు చెప్పవలసిన అవసరం ఉంది.

నాలుగైదు వారాల వయసులో చచ్చిన కోడిని కోసి చూస్తే సంగతి తెలుస్తుంది. గుండె మీద, కాలేయం మీద పాల మీగడ కట్టినట్టు తెల్లటి, పసుపుపచ్చటి పొర పేరుకుని ఉంటుంది. గాజు కాగితంలా పలచగా ఉండవలసిన గాలి సంచులు మందమై మసకబారి ఉంటాయి. ఇది ఈ. కోలై పని. ఆ బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కోడి పేగులోనూ ఉంటుంది, షెడ్డు నేల మీద పరిచిన ఊకలోనూ ఉంటుంది. కొక్కెర తెగులో, బ్రాంకైటిస్సో, మైకోప్లాస్మానో, ఇలాంటి శ్వాస జబ్బు ఏదైనా శ్వాసనాళపు లోపలి పొరను దెబ్బతీసినప్పుడు అది లోపలికి దిగి రక్తంలో కలుస్తుంది. మన గజపతి జిల్లాలో చలికాలపు రాత్రులు పిల్లలకు చలి తగలకూడదని పరదాలు పూర్తిగా దించేస్తాం. తెల్లవారి లోపలికి అడుగు పెడితే తడి ఊక నుంచి లేచిన అమ్మోనియాకు కళ్లు మండుతాయి. మన కళ్లే మండుతున్నాయంటే, రాత్రంతా ఆ గాలినే పీల్చిన పిల్లల గొంతు ఎంత ఒరిసిపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ జబ్బుకు బతికున్న బాక్టీరియాతోనే తయారు చేసిన టీకా ఉంది. ఓ78 అనే రకం ఈ. కోలై నుంచి ఆరోఏ అనే జన్యువును తొలగిస్తారు. ఆ జన్యువు లేకపోతే కొన్ని అమైనో ఆమ్లాలను అది సొంతంగా తయారు చేసుకోలేదు, అందువల్ల కోడి ఒంట్లో ఎక్కువ కాలం పెరగలేక చచ్చిపోతుంది; పోయే లోపల రోగనిరోధక శక్తికి శత్రువు ముఖం చూపించి పోతుంది. దీన్ని గుడ్లు పొదిగించే హేచరీలోనే, పిల్లలు పెట్టెల్లో ఉండగా, మొదటి రోజున పెద్ద తుంపరలుగా చల్లుతారు. సూది అక్కరలేదు.

ఇక్కడే మన అలవాటు అడ్డం వస్తుంది. కొక్కెర తెగులుకు వేసే లసోటా, గంబోరో జబ్బుకు వేసే టీకా వైరస్‌తో చేసినవి కాబట్టి, ఆ రోజుల్లో నీళ్లలో యాంటీబయాటిక్ ఉన్నా టీకాలోని వైరస్ చావదు. నీళ్లలో బ్లీచింగ్ లేకుండా చూసుకుని, పాలపొడి కలిపి పెడితే చాలు అనుకునే అనుభవం మనది. ఈ. కోలై టీకా అలాంటిది కాదు, అందులో ఉన్నది బతికున్న బాక్టీరియా; యాంటీబయాటిక్ దాన్ని చంపేస్తుంది. హేచరీలో టీకా చల్లించి, షెడ్డుకు రాగానే యాంటీబయాటిక్ నీళ్లు పెడితే, మనం డబ్బిచ్చి కొన్న టీకాను మనమే చంపినట్టవుతుంది.

టీకా చేయలేనిది కూడా చెప్పాలి. మొదటి వారంలో చచ్చే పిల్లల్లో చాలా వాటికి బొడ్డు వాచి, పొట్టలోని పచ్చసొన కుళ్లి ఉంటుంది. మొదటి రోజు వేసిన టీకా ఆ పాటికి పని మొదలుపెట్టదు. దానికి విరుగుడు హేచరీలో గుడ్ల శుభ్రత, పొదుగుడు యంత్రాల శుభ్రత, మన దగ్గర పసిపిల్లలకు ఇచ్చే సరైన బ్రూడింగ్ వేడి. పైగా కోళ్లకు జబ్బు తెచ్చే ఈ. కోలై ఒక్క ఓ78 కాదు. ఓ1, ఓ2 వంటివి ఇంకా ఉన్నాయి, అన్నిటి మీదా ఒకే టీకా సమానంగా పనిచేయదు. తల్లి కోళ్లకు చంపిన బాక్టీరియాతో చేసిన టీకా వేసి, సొన ద్వారా పిల్లలకు రక్షణ అందించే పద్ధతీ ఉంది, కానీ అది మొదటి రెండు మూడు వారాలకు మించి నిలవదు. ఊక తిరగేయడం, గాలి ఆడనివ్వడం, కొక్కెర టీకా సక్రమంగా వేయడం అనే పనులు టీకా వచ్చినా తప్పవు.

ఇంత శ్రమ ఎందుకంటే, మనం నీళ్లలో కలిపే ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కోడి ఒంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. అది మన ఇళ్లలో జ్వరానికీ విరేచనాలకీ డాక్టర్లు రాసే మందే. కోళ్లలో ఆ మందుకు లొంగని బాక్టీరియా తయారైతే, అది మనకు సోకినప్పుడు మనకూ ఆ మందు పనిచేయదు. అమెరికా 2005లోనే కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని ఆపేసింది. ఏ మందూ పనిచేయని రోగికి ఆఖరున ఇచ్చే కొలిస్టిన్‌ను మన దేశం 2019 జూలైలో ఆహారం కోసం పెంచే జంతువులకు నిషేధించింది. నిషేధాలు అవసరమే, అయితే నిషేధించిన మందు స్థానంలో రైతు చేతికి మరేదైనా అందాలి. నార్వేలో సాల్మన్ చేపల పెంపకందారులు 1987లో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడారు. బాక్టీరియా జబ్బులకు మంచి టీకాలు వచ్చాక, చేపల ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరుగుతున్నా, 1990ల మధ్యకల్లా ఆ వాడకం ఒకటి రెండు టన్నుల స్థాయికి పడిపోయింది. చేపకు సాధ్యమైనది కోడికి అచ్చంగా అలాగే జరుగుతుందని అనను, కానీ దారి అదేనని గట్టిగా నమ్ముతున్నాను.

కంపెనీ పిల్లలను పెంచేవారికి టీకాను ఎంచుకునే హక్కు చేతిలో ఉండదు, అడిగే హక్కు ఉంటుంది. పిల్లలు దిగేటప్పుడు సూపర్‌వైజర్‌ని హేచరీలో ఏయే టీకాలు వేశారో, మొదటి వారం మందు ఏ జబ్బు కోసం ఇస్తున్నారో అడగాలి. సొంతంగా పెంచేవారు ముందు ఒక షెడ్డులో మాత్రమే టీకా వేసిన పిల్లలను దింపి, ఆ షెడ్డులో మొదటి వారం యాంటీబయాటిక్ మానేసి, రోజువారీ చావులు, దాణా, అమ్మకపు బరువు పక్క షెడ్డుతో పోల్చి రాసుకోవాలి. నిజంగా జబ్బు పడితే మందు వాడవలసిందే. కాకపోతే తోచిన మందు కాక, చచ్చిన కోడి నమూనాను పశువైద్యుడి ద్వారా పరీక్షకు పంపి, ఏ మందుకు లొంగుతుందో తెలుసుకుని, చెప్పినన్ని రోజులూ పూర్తిగా ఇచ్చి, మందు ఆపాక ఇన్ని రోజులు ఆగాలని సీసా మీద రాసిన గడువు దాటేవరకు ఆ కోళ్లను కోతకు పంపకూడదు.