ఐడల్ బృందం వీడాక నిలిచే వృత్తి

విజయవాడ మొగల్రాజపురంలో నా దగ్గర కూచిపూడి నేర్చుకునే పిల్లల్లో ఇద్దరికి జపాన్ ఐడల్ బృందాలంటే (ఆడుతూ పాడే యువ పాప్ బృందాలు) ప్రాణం. క్లాసు అయ్యాక గజ్జెలు విప్పుకుంటూ, ఆ పాటల్లో వెనక వరుసలో నిలబడిన అమ్మాయి చేతి కదలికను సైతం పొల్లుపోకుండా చేసి చూపిస్తారు. ఆ వెనక వరుస అమ్మాయి భవిష్యత్తు గురించే నా ఆలోచన.

2005లో టోక్యోలోని అకిహబరాలో సొంత థియేటర్‌తో మొదలైన ఏకేబీ48 వంటి బృందాల్లో చాలామంది సభ్యులు ఇరవైల్లోనే గ్రాడ్యుయేషన్ పేరిట వీడ్కోలు తీసుకుంటారు కాబట్టి, బృందంలో ఉండగానే మరో వృత్తికి పునాది వేసుకోవడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. ఇందుకు ఏకేబీ48 మాజీ సభ్యురాలు సషిహర రినో ప్రయాణాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు. 2012లో ఫుకువోకాలోని సోదర బృందం హెచ్‌కేటీ48కు బదిలీ అయిన ఆమె, అక్కడి థియేటర్ మేనేజర్ బాధ్యతనూ మోస్తూ, 2013లో సభ్యుల ఆదరణను తేల్చే అభిమానుల ఓటింగులో మొదటి స్థానం గెలిచి, టీవీ కార్యక్రమాల్లో మాటకారిగా పేరు తెచ్చుకుని, 2017లో ఈక్వల్ లవ్ బృందానికి నిర్మాత అయ్యారు. 2019లో ఆమె గ్రాడ్యుయేట్ అయ్యేనాటికే, ఎంతో శ్రమించి సంపాదించుకున్న ఆ రెండో వృత్తి చేతిలో ఉంది.

1980లో ఏ బృందమూ లేకుండా ఒంటరిగా రంగప్రవేశం చేసిన ఐడల్ గాయని మత్సుదా సేకో దారి వేరు. పాటనే నమ్ముకుని, తర్వాతి కాలంలో తానే సాహిత్యం రాసుకుంటూ, దశాబ్దాలపాటు కచేరీలు చేశారు. గొంతు మీద అంతటి పట్టున్నవారికి ఆ దారే మేలని నా అభిప్రాయం.