నలభై దాటాక ఫిజికల్ థెరపీ స్కూల్లో: నా అనుభవం

అమెరికాలో ఫిజికల్ థెరపిస్టు (మన దగ్గర ఫిజియోథెరపిస్టు అంటాం) కావాలంటే డిగ్రీ తర్వాత డీపీటీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ చేయాలి, సుమారు మూడేళ్లు. హైదరాబాద్‌లో బీఎస్సీ చేసి, పెళ్లయి ఇక్కడికొచ్చి, పిల్లలు హైస్కూలుకు వచ్చాక నేను అప్లై చేశాను. ఈ వయసులో సీటిస్తారా అని తెలిసినవాళ్లంతా అడిగారు కానీ ఇంటర్వ్యూల్లో నా వయసు ఊసే రాలేదు. అడ్డుపడింది పాత డిగ్రీ.

చాలా స్కూళ్లు సైన్సు సబ్జెక్టులు గత ఐదేళ్లలోనో పదేళ్లలోనో చదివినవైతేనే ఒప్పుకుంటాయి. అందుకని కమ్యూనిటీ కాలేజీలో చేరి అనాటమీ, ఫిజియాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబులతో సహా మళ్లీ మొదటినుంచి చదివాను, అన్నీ సాయంత్రం క్లాసులే, వంట మధ్యాహ్నమే చేసిపెట్టి వెళ్లేదాన్ని. మన మార్కుల్ని, విదేశీ డిగ్రీలను అమెరికా లెక్కలోకి మార్చి చూపే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో కోర్సులవారీగా ఎవాల్యుయేట్ చేయించాలి, దానికి ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచే రావాలి. మా తమ్ముడు సెలవులు పెట్టి మరీ యూనివర్సిటీ చుట్టూ తిరిగాడు, వాడు లేకపోతే నా అప్లికేషన్ ఆ ఏడు వెళ్లేదే కాదు. పీటీక్యాస్ అనే ఆన్‌లైన్ అప్లికేషన్ సర్వీసులో ఒక్క అప్లికేషన్ నింపితే చాలా స్కూళ్లకు వెళ్తుంది, అయితే ఒక్కో స్కూలు అడిగే సబ్జెక్టులు, అబ్జర్వేషన్ గంటలు (థెరపిస్టుల పని దగ్గరుండి చూడాల్సిన సమయం) వేరు.

సీటొచ్చాక నాకు అసలు కష్టం ల్యాబు. కండరాలు, ఎముకలు చేత్తో తడిమి గుర్తుపట్టడం ఒకరి మీద ఒకరం నేర్చుకోవాలి, దానికి షార్ట్స్, స్పోర్ట్స్ బ్రా వేసుకు రావాలి. ఇన్నేళ్లూ చున్నీ సర్దుకుంటూ పెరిగిన నాకు మొదటి వారం నిద్ర పట్టలేదు. నా పార్ట్‌నర్ మా అమ్మాయి కంటే కొంచెం పెద్దది, అంతే. ఆ పిల్ల ప్రతిసారీ, చెయ్యి ఇక్కడ పెట్టొచ్చా అని అడిగి, అవసరం లేనిచోట టవల్ కప్పేది. ఇప్పుడు పేషెంట్లతో నేనూ అదే చేస్తాను. శవాల మీద డిసెక్షన్ నాకు అంత భయమనిపించలేదు, చేతికి వెళ్లే నరాల అల్లిక బ్రేకియల్ ప్లెక్సస్ మాత్రం కాగితం మీద గీసి గీసి వేళ్లు నొప్పెట్టాయి. ప్రాక్టికల్ పరీక్షలో పేషెంటును లేపే ముందు వీల్‌చెయిర్ బ్రేకు వేయకపోతే మా దగ్గర ఫెయిలే, అది న్యాయమే అంటాను నేను.

క్లినికల్స్, అంటే థెరపిస్టు కింద పేషెంట్లతో చేసే శిక్షణ, కనీసం 30 వారాలు, ఫుల్‌టైం, జీతం లేదు, పైగా ఫీజు కట్టాలి. ఈ లెక్క ఇంట్లో ముందే మాట్లాడుకోండి. నాకు నేర్పిన థెరపిస్టు నాకంటే చాలా చిన్న, పనిలో దిట్ట. మోకాలు మార్పిడి జరిగిన ఒక తెలుగు పెద్దాయన మడమ జరిపే వ్యాయామం చేయనని మొండికేశారు. "బాబాయ్ గారూ, ఏమైంది?" అని పక్కన కూర్చుని అడిగితే, "ఇంక కింద కూర్చుని పూజ చేసుకోలేను కదమ్మా, ఎందుకిదంతా" అన్నారు. ఆ మాట ఇంగ్లిషులో ఎవరితోనూ అనలేదాయన. కింద కూర్చునే సంగతి సర్జన్‌ని అడుగుదాం, ఈలోగా కుర్చీలో కూర్చుని పూజ చేసుకుని మీ అంతట మీరే లేవాలంటే ఈ మోకాలు ఇంకా వంగాలి అని చెప్పాను. చేశారు.

ఇప్పుడు లైసెన్సు పరీక్ష ఎన్‌పీటీఈకి చదువుతున్నాను, 200 నుంచి 800 స్కేలులో 600 రావాలి. మీరూ ఈ ఆలోచనలో ఉంటే అబ్జర్వేషన్ సంగతి తర్వాత, ముందు మీ యూనివర్సిటీకి ట్రాన్స్‌క్రిప్టుల కోసం అప్లై చేయండి.