రేగడిలో మొదలై గోదారి ఇసుకదాకా: ఒక టైర్ల పంచాయితీ

మా బావ తన మహీంద్రా థార్ జీపుకి వెడల్పు టైర్లు వేయించినప్పటి నుంచీ ఇద్దరికీ ఒకటే పంచాయితీ. కంపెనీ ఇచ్చిన 245 (అంటే టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు) ఆయన కంటికి ఆనలేదు, 285 వేయించాడు. నాది పాత మారుతీ జిప్సీ, దాని టైరు 205. "అవి జీపు టైర్లు కాదు బామ్మర్దీ, లూనా టైర్లు" అని నలుగురిలో ఎత్తిపొడుస్తాడు. కార్తీకంలో ముసురుపట్టిన తుఫాను వాన వెలవగానే రెండు బండ్లూ తీసుకుని హనుమకొండ నుంచి తెల్లారకముందే బయల్దేరాం. పరకాల, గణపురం, రామప్ప, మేడారం, ఏటూరునాగారం. దారి నేనే ఎంచాను. రేగడి, మొరం, ఇసుక మూడూ ఒకే రోజులో తగలాలంటే మా వైపు ఇంతకంటే మంచి దారి లేదు.

పరకాల దాటాక తారు రోడ్డు దిగి, తెలిసినవాళ్ల పత్తి చేను దాకా బండ్ల బాట పట్టాం. అంతా నల్లరేగడి. పగిలిన కాయల్లో తడిసిన పత్తి అట్లాగే వేలాడుతోంది, ఏరేవాళ్లు ఇంకా చేలల్లోకి దిగలేదు. రేగడి తడిస్తే వదలదు. చెప్పుకు అంటితే చెప్పు బరువెక్కుతుంది, టైరుకు అంటితే టైరే కనపడదు. కాస్త దూరం పోయేసరికే థార్ టైర్ల గ్రిప్పు సందులన్నీ మట్టితో పూడుకుపోయి నున్నగా తయారయ్యాయి. బావ స్టీరింగ్ ఎడమకు తిప్పుతున్నాడు, బండి కుడివైపు చేలోకి జారుతోంది. వెడల్పు టైరు బురదలో దిగకుండా పైన తేలింది. అక్కడ తేలడమే చేటైంది, ఎందుకంటే వానకు మెత్తబడింది పైన బెత్తెడు మందమే, దాని కింద నేల గట్టిగానే ఉంది. జిప్సీ టైరు ఆ బెత్తెడునూ కోసుకుని గట్టినేలను అందుకుంది. వెనక గాడి పడ్డమాట నిజమే గానీ, తిప్పిన వైపే తిరిగింది.

గట్టు మీద నిలబడ్డ పెద్దాయన ఈ తమాషా అంతా చూసి, "ట్రాక్టర్ ముంగటి గాన్లు సన్నగ ఎందుకుంటయ్ సారూ? ఊరికెనేనా?" అన్నాడు. చిన్న ట్రాక్టర్లకు ముందు వచ్చే టైరు 6.00-16, అంటే ఆరంగుళాల వెడల్పు. పాత మహీంద్రా జీపులకూ అదే కొలత. వెనక మాత్రం 13.6-28, అంటే పదమూడున్నర అంగుళాలు దాటిన వెడల్పుది వేస్తారు. ముందు చక్రానికి లాగే పని లేదు, కోసుకుంటూ దారి పట్టుకుంటే చాలు. వెనక చక్రం బరువు మోస్తూ లాగాలి. వరి మడిలోనైతే ఆ వెనక టైరు కూడా చాలదు, ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. కాళ్లు మోకాళ్ల దాకా దిగబడే మడిలోకి జీపు తోలేవాణ్ణి 205 కాపాడదు, 285 కాపాడదు, ఆ ట్రాక్టరే వచ్చి లాగాలి.

గణపురంలో కోటగుళ్లు చూసి, హోటల్లో చాయ్ తాగుతూ బావకు లెక్క చెప్పాను. వెడల్పు టైరు నేల మీద ఎక్కువ జాగా ఆనుతుందని అందరూ అనుకుంటారు. మనుషులూ సామానూ కలిపి బండి రెండు టన్నులనుకుందాం. చక్రానికి 500 కిలోలు పడతాయి. టైర్లో గాలి 28 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలు. భాగిస్తే 250 చదరపు సెంటీమీటర్లు. గట్టినేల మీద టైరు సన్నదైనా వెడల్పుదైనా నేలకానే జాగా దగ్గరదగ్గర అంతే. సన్నదానికి ఆ ముద్ర పొడుగ్గా పడుతుంది, వెడల్పుదానికి అడ్డంగా, పొట్టిగా పడుతుంది. టైరు గోడ బిగువును బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది, అంతకుమించి తేడా రాదు. జాగా పెరగాలంటే గాలి తియ్యాలి. 18కి దించితే ఆ 250 కాస్తా 400కి దగ్గరపడుతుంది.

"అయితే ఇన్ని పైసలు పెట్టి కొన్న నేను పిచ్చోణ్నా?" అన్నాడు బావ. దానికి జవాబు చెప్తే చాయ్ పైసలు నేనే కట్టాల్సొస్తుందని ఊరుకున్నాను.

రామప్ప దగ్గర కార్తీకం జనం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మామూలు రోజుల్లోనే పార్కింగు దొరకడం లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి పునాది ఇసుక మీద నిలిచిందని చెప్తారు, శిఖరానికి వాడింది నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. నా బుర్రలో టైర్లే తిరుగుతున్నాయి కాబట్టి అక్కడా అదే తోచింది. గోతిలో కదలకుండా బిగించిన ఇసుక గుడినే మోస్తుంది, ఒడ్డున వదులుగా పడున్న ఇసుక జీపును కూడా మొయ్యదు. పై బరువు తగ్గించుకోవడం మాత్రం ఎక్కడైనా పనికొచ్చేదే. బావ వెనక సీట్లో ఎక్కించుకొచ్చిన ఐస్ పెట్టె, రెండు జాకీలు, స్టవ్వు, సిలిండరు చూస్తూ ఈ మాట కాస్త గట్టిగానే అన్నాను.

పస్రా దాటి తాడ్వాయి దాకా రోడ్డు ప్రయాణం. 2024 ఆగస్టు చివర్లో ఒక్క గాలివానకు వేల చెట్లు కూలిన అడవి ఇది. అభయారణ్యంలో రోడ్డు దిగకూడదు, మేం దిగలేదు. అక్కడక్కడా నీళ్లు నిలిచిన చోట వేగంగా పోతే వెడల్పు టైరు నీటి మీదికెక్కి పట్టు తప్పుతుంది. అది బావకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, ఒకసారి బండి ఊగగానే తనే నలభైకి దించాడు. మేడారంలో గద్దెలకు మొక్కి, ఆపకుండా ఏటూరునాగారం వెళ్లిపోయాం.

రామన్నగూడెం దగ్గర గోదావరి ఒడ్డున పొడి ఇసుక. ముందు గాలి తియ్యకుండా దిగాలని పందెం. థార్ నిదానంగా పోయి తిరిగొచ్చింది. జిప్సీ టైరు ముందు ఇసుక కుప్పలా పేరుకుని, కాసేపటికి కడుపు ఆనింది. బావ ఈల వేశాడు. ఇక్కడ వెడల్పుదే పైచెయ్యి, అందులో అబద్ధం లేదు. నా బండి టన్నుకు అటూఇటూ, ఆయనది టన్నున్నర దాటింది, అయినా నెగ్గాడు.

తర్వాత రెండు బండ్లకూ 18కి గాలి తీశాం. సిమెంటు నేల మీద నిలబెట్టి, టైరు ముందూ వెనకా సన్న పుల్లలు దూర్చి, అవి ఆగిన చోటు నుంచి జానతో కొలిచాం. జిప్సీ టైరు ముద్ర ముందు జానెడుకు తక్కువుండేది, ఇప్పుడు జాన మీద మూడు వేళ్లు. వెడల్పు వేలెడు కూడా పెరగలేదు. గాలి తీస్తే ముద్ర పొడవుకే సాగుతుంది, ఇసుకలో బండిని మోసేది ఆ పొడవే. మళ్లీ దిగితే జిప్సీ కూడా అవతలిదాకా పోయొచ్చింది. 15 కంటే కిందికి మాత్రం దించనివ్వలేదు, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదముంది. రోడ్డెక్కే ముందు చిన్న పంపుతో ఎనిమిది టైర్లకూ గాలి కొట్టేసరికి చీకటి పడింది.

నాకు ఇసుక ఏడాదికోసారి, బురదా మొరం వారంవారం. అందుకే జిప్సీకి ఈసారి 215/75 ఆర్15 వేయిస్తాను. వెడల్పు పెరిగేది ఒక సెంటీమీటరే, ఎత్తు మాత్రం మూడున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. ఎత్తు పెరిగితే కింద ఖాళీ, ముద్ర పొడవు రెండూ కలిసొస్తాయి. మీటరు 60 చూపిస్తే అసలు వేగం 63 ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. బొలెరోకి వచ్చే కొలతే కాబట్టి ములుగులో కూడా దొరుకుతుంది. బావ మాత్రం 285లు అరిగేదాకా తియ్యనంటున్నాడు. మైలేజీ పడిపోయింది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోంది. ప్రస్తుతం ఆ ప్లాస్టిక్కు కోసేవాడి కోసం వెతుకుతున్నాడు.