మిల్లు ఓటీ లెక్క ఎస్‌క్యూలైట్‌లో: మూడో విడత

మిల్లులో ఓటీ, అంటే అదనపు గంటల పనికి జీతం, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో లెక్కేస్తున్నాం. సిబ్బంది, పంచ్‌లు (పనికి ఎక్కినప్పుడు, దిగినప్పుడు నమోదయ్యే టైములు), జీతం రేట్లు, ఈ మూడు టేబుళ్లూ ముందే కుదిరాయి. ఈ విడత పనంతా నైట్ డ్యూటీ మీదే.

రాత్రి 8కి ఎక్కి తెల్లారి 6కి దిగే బాయిలర్ ఆపరేటర్‌ని తీసుకుందాం. టైము ఒక్కటే దాస్తే 6లోంచి 20 తీసేసి మైనస్ 14 గంటలు చూపిస్తుంది. కాబట్టి ప్రతి పంచ్‌లో తేదీ, టైము కలిసే ఉండాలి. పక్కనే ‘పని తేదీ’ అని మరో కాలమ్: అందులోకి ఇన్ పంచ్ తేదీ పోతుంది. ఇది మనం పెట్టుకున్న రూలు కాదు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్ ప్రకారం అర్ధరాత్రి దాటాక చేసిన గంటలు ముందు రోజు ఖాతాలోకే వచ్చేవి.

నిమిషాలకు జూలియన్‌డే ఫంక్షన్ వాడొద్దు. అది తేదీ, టైమును రోజుల లెక్కన దశాంశాల్లో ఇస్తుంది. పది గంటలకు 600 నిమిషాలు రావాల్సిన చోట 599.9999 లాంటిది వచ్చి, ఇంటీజర్‌గా (పూర్ణాంకంగా) మార్చగానే 599కి పడిపోవచ్చు. నిమిషమే కదా అనుకుంటాం గానీ జీతం తీసుకునేవాళ్లు అలా అనుకోరు. యూనిక్స్‌ఎపోక్ ఫంక్షన్‌తో రెండు పంచ్‌ల మధ్య సెకన్లు తీసి 60తో భాగిస్తే సరిపోతుంది. ఎస్‌క్యూలైట్ 3.38 కంటే పాత వెర్షన్లలో ఆ ఫంక్షన్ లేదు.

ఓటీ దగ్గర తప్పు సులువుగా దొర్లుతుంది. అదే చట్టంలో రోజుకు 9 గంటలు గానీ, వారానికి 48 గానీ దాటితే రెట్టింపు రేటు ఉండేది. అరగంట విరామం పోను మన ఆపరేటర్‌కి రోజుకు 9.5, ఆరు రోజులకు 57. రోజువారీ ఓటీ 3, వారం ఓటీ 9. రెండూ కలిపి 12 అంటే తప్పు, ఆ 3 ఈ 9లోనే ఉన్నాయి. రెండింట్లో ఏది పెద్దదో అదే. గంటకు 75 రూపాయల రేటైతే 9 గంటలకు 1350.

వారం గంటలు కూడాలంటే ఏ రోజు ఏ వారానిదో తెలియాలి. అసలు తలనొప్పి ఆ వారం నంబరుది. దాన్ని తేదీలోంచి తీసే స్ట్రెఫ్‌టైమ్ ఫంక్షన్‌లో పెద్ద డబ్ల్యూ (%W) సోమవారంతో వారం మొదలుపెడుతుంది. ఆ చట్టంలో వారం శనివారం అర్ధరాత్రి నుంచి, అంటే ఆదివారంతో మొదలయ్యేది. పైగా జనవరి 1న నంబరు మళ్లీ మొదటికొస్తుంది. 2024 డిసెంబరు 29 నాటి వారాన్నే చూడండి: 30, 31 తేదీల్లో 19 గంటలు ఒకవైపు, జనవరి 1 నుంచి 4 వరకు 38 గంటలు ఇంకోవైపు. ఏదీ 48 దాటదు. 9 గంటల ఓటీ కాస్తా 3 అయి కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు.

అందుకని వారం నంబరు తీసేసి, వారం మొదలయ్యే ఆదివారం తేదీనే ఆ వారానికి గుర్తుగా పెట్టాం: పని తేదీలోంచి ఆరు రోజులు వెనక్కి జరిపి, అక్కణ్నుంచి ‘వీక్‌డే 0’ (ముందున్న ఆదివారానికి జరిపే మాట, ఆ రోజే ఆదివారమైతే కదలదు). ఏ రోజు ఇచ్చినా ఆ వారపు ఆదివారమే వస్తుంది.

9, 48 అంకెల్ని క్వెరీలో (డేటాబేస్‌ని లెక్క అడిగే ఆజ్ఞలో) రాయకుండా అమలు తేదీతో వేరే టేబుల్లో ఉంచాం. చట్టం మారితే కొత్త వరుస చేర్చడమే, పాత నెలల జీతాలు కదలవు.

మిగిలింది అవుట్ పంచ్ మర్చిపోయినవాళ్ల సంగతి. అక్కడ 8 గంటలని దానంతటదే నింపే ట్రిగ్గర్ పెట్టొద్దు. ఖాళీగానే ఉంచి, రోజూ పొద్దున ఆ పేర్లు సూపర్‌వైజర్‌కి చూపించే వ్యూ (పేరు పెట్టి దాచుకున్న క్వెరీ) రాయాలి.